అరవైకీ సున్నాకీ మధ్య పదిహేడు నెలలు

2023 ఫిబ్రవరి 12, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు రవళి కామారెడ్డిలోని మా ఇంటి గడప బయట చెప్పులు విడిచింది. వెనకాలే వాళ్లమ్మ గంగామణి. ఎల్లారెడ్డి దాటాక ఇంకో నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉన్న పల్లె వాళ్లది. రెండు బస్సులు మారి వచ్చారు. ఈ తేదీ, ఈ సమయం గుర్తుపెట్టుకుని రాస్తున్నవి కావు. నా నోటుబుక్కులో ఉన్నవి.

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి 2012లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది నుంచి మా ముందుగదిలో ఎంబీఏ ప్రవేశ పరీక్షలకు పిల్లల్ని తయారుచేస్తున్నాను. ఒక్కొక్కరికి నోటుబుక్కులో ఒక పేజీ. వచ్చిన తేదీ, గంట, పేరు, వయసు, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కులు, చివరన ‘చేస్తున్న పని’ అనే ఒక గీత. రవళిది నూట పద్దెనిమిదో పేజీ.

“డిగ్రీ ఎప్పుడయింది?” అని అడిగాను.

“2020ల మేడం. బీకాం. రిజల్టు అక్టోబర్ల వచ్చింది.”

“అప్పటి నుంచి ఏం చేస్తున్నవు?”

“ఏం లేదు మేడం. ఖాళీగనే ఉన్న.”

“మా దగ్గర పనెక్కడిది మేడం,” అంది గంగామణి. “ఇంట్ల నాకు అక్కెరకొస్తది, గంతే.”

‘చేస్తున్న పని’ గీత మీద ‘ఖాళీ’ అని రాసుకున్నాను. ఆ మాట ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

ఆమె రాయాలనుకున్నది క్యాట్. దేశంలోని పెద్ద మేనేజ్‌మెంట్ సంస్థలు సీట్లకు చూసే పరీక్ష అది. ఇంగ్లీషు, డేటా, లెక్కలు మూడు భాగాలు, ఒక్కొక్కదానికి నలభై నిమిషాలు. ఒక భాగంలో సమయం మిగిలినా ఇంకోదానికి వాడుకోవడానికి లేదు. వచ్చేది మార్కు కాదు, పర్సంటైల్. తొంభై పర్సంటైల్ అంటే రాసిన వందమందిలో తొంభైమంది నీ వెనక ఉన్నారని అర్థం. మొత్తం ఎంత వచ్చినా ప్రతి భాగంలోనూ ఇంత తగ్గకూడదని ఒక హద్దు ఉంటుంది, దాన్ని సెక్షనల్ కటాఫ్ అంటారు. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషు భాగంలో ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంటారు.

ఇంత చెప్పాక గంగామణి ఒక్కటే అడిగింది.

“మా పిల్లకు వస్తదా మేడం?”

“రావచ్చు. రాకపోవచ్చు. తొమ్మిది నెలలు ఆదివారాలు తప్పకుండా పంపిస్తే చెప్తాను.”

“ఏప్రిల్ల, మేల కొంచెం ఇబ్బంది అయితది,” అంది రవళి.

ఎందుకని నేను అడగలేదు.

మార్చిలో ఒకరోజు డేటా భాగం చెబుతున్నాను. నాలుగు మిల్లులు, తొమ్మిది లారీలు, ఏ లారీ ఏ మిల్లుకు ఏ వరుసలో వెళ్లిందో కొన్ని షరతులిచ్చి కనుక్కోమనే లెక్క. మంచి విద్యార్థికి పన్నెండు నిమిషాలు పడుతుంది. రవళి నాలుగు నిమిషాల్లో కాగితం బోర్లించింది. చూసి రాసిందేమోనని పక్కవాళ్ల కాగితాలు చూశాను. వాళ్లు ఇంకా మొదటి గడిలోనే ఉన్నారు.

“ఎట్ల చేసినవు?”

“ఇది మా కాంటా కాడ రోజూ ఉండేదే మేడం. ఒక లారీ ఒక్క మిల్లుకు వరుసగ రెండుసార్లు పోదు, అన్‌లోడింగ్ క్యూల ఇరుకుతది. ఈ లెక్క రాసినాయన ఎన్నడన్న మా కాంటాకు వచ్చిండేమో!”

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. “ఏం కాంటా?” అని అడిగాను.

అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం మహిళా సంఘాలు నడుపుతాయి. అందరూ దాన్ని కాంటా అనే అంటారు. వానాకాలం పంటకు ఒకసారి, ఎండాకాలంలో కోతకొచ్చే యాసంగి పంటకు ఒకసారి, దాదాపు మూడేసి నెలలు నడుస్తుంది. రైతులకు టోకెన్లు ఇవ్వడం, మీటరు పెట్టి వడ్లలో తేమ చూడటం, బస్తాలు తూకం వేయించడం, హమాలీలను సర్దడం, లారీలకు ఎక్కించి మిల్లులకు పంపడం, ట్యాబులో ఎక్కించడం. అదంతా రవళి పని. పొద్దున ఏడింటికి పోతే చీకటి పడ్డాకే ఇంటికి.

“మరి ఖాళీగ ఉన్నా అన్నవు?”

“అది మా అమ్మ పని మేడం. నేను అమ్మకు బదులు చేస్త.”

అలా అనడంలో దాపరికం లేదు. సంఘంలో ఇంటికి ఒక్కరే సభ్యురాలు. కేంద్రం నడిపే ఐదుగురు సభ్యుల కమిటీలో గంగామణి పేరుంది. ఆమె సంతకం చేయగలదు కానీ ట్యాబు పట్టలేదు. మిల్లు వాళ్లతో ఇంగ్లీషు అంకెల్లో మాట్లాడలేదు. కూతురు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా తల్లికి బదులు వెళ్లి కూర్చుంది. అప్పటి నుంచి అలాగే నడుస్తోంది. గౌరవ వేతనం తల్లి ఖాతాలో పడుతుంది. ఊళ్లో ఎవర్నడిగినా కాంటా గంగామణిదనే చెబుతారు. రవళి కూడా అదే నమ్మింది. నూట పద్దెనిమిదో పేజీలో ‘ఖాళీ’ని కొట్టేసి ఏం రాయాలో నాకు ఆ పూట తోచలేదు. తర్వాత రాద్దామని వదిలేశాను.

యాసంగి కాంటా ఎనభై ఐదు రోజులు నడిచింది. ఆ మధ్యలో పన్నెండు ఆదివారాలుంటే రవళి ఐదు ఆదివారాలే రాగలిగింది. మిగతావి ఒక్కటీ తప్పలేదు. ఇంగ్లీషుకు రోజూ రెండు వ్యాసాలు చదివి, ఒక్కొక్కదాన్నీ మూడు వాక్యాల్లో రాసి పంపమన్నాను. లారీ నిండే లోపల బస్తాల మీద కూర్చుని రాసినవి కొన్ని ఉన్నాయి. కాగితానికి పొట్టు అంటుకుని వచ్చేవి.

2023 సెప్టెంబరు 3, ఆదివారం, దరఖాస్తు నింపడానికి కూర్చున్నాం. ఆ రోజు గంగామణితోపాటు వాళ్ల ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు అధ్యక్షురాలు సాయవ్వ కూడా వచ్చింది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. మాటకు వెనకాడని మనిషి. కూర్చోకముందే చీర కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పరిచింది. సమాఖ్య పేరున్న కాగితం. అడుగున గుండ్రటి ముద్ర.

“పిల్ల ఐదేండ్ల సంది మా దగ్గర మేనేజర్‌గ చేస్తున్నదని రాయించిన. ముద్ర గూడ కొట్టిన. ఇంక పెద్దగ కావాల్నంటె చెప్పు పంతులమ్మా, కలెక్టర్ అని రాస్త.”

ఆ దరఖాస్తులో వర్క్ ఎక్స్‌పీరియన్స్ అని ఒక గడి ఉంటుంది. డిగ్రీ అయ్యాక రోజంతా, వేతనం తీసుకుని చేసిన పని ఎన్ని నెలలో వేయాలి. కొన్ని సంస్థలు పరీక్ష స్కోరుకు దీన్నీ కలుపుతాయి. వేసిన ప్రతి నెలకూ రుజువు చూపాలి. ఒకసారి పంపాక ఆ గడి మార్చడానికి ఉండదు.

“ఐదేళ్లంటే అరవై నెలలు,” అన్నాను. “కాంటా ఏడాదికి ఎన్ని నెలలు నడుస్తది?”

“రెండు పంటలకు కల్పి అయిదారు.”

“మిగతా ఆరు నెలలు?”

“ఇంట్ల ఉంటది.”

“మరి అరవై ఎట్ల అయినయ్ సాయవ్వా?”

“ఏడాదికొక్క పెండ్లికి పోతం. గంతమాత్రాన చుట్టరికం ఏడాదంత ఉండదా?” అంది. గంగామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను కాగితం తీసి రవళిని ఒక్కో పంట తేదీలు చెప్పమన్నాను. ఆమె తడుముకోకుండా చెప్పింది. డిగ్రీ ఫలితాలు వచ్చాక మొదలైన 2020 వానాకాలం 83 రోజులు. తర్వాతి యాసంగి 88. ఆపై వరుసగా 91, 79, 86, మొన్నటిది 85. మొత్తం 512 రోజులు. ముప్పైతో భాగిస్తే పదిహేడు నెలల రెండు రోజులు.

“ఉన్నది పదిహేడు నెలలు,” అన్నాను. “నీ పేరున నియామక పత్రం ఉందా?”

“లేదు మేడం.”

“నీ ఖాతాలో జీతం పడ్డట్టు చూపేది?”

“లేదు మేడం. అంత అమ్మ పేరు మీదనే.”

ఇక్కడ నా భయం గురించి చెప్పాలి. 2019లో నా దగ్గర చదివిన ఒకతను, ఎనభై ఏడో పేజీ, పదిహేను నెలల పనిని ఇరవై నాలుగు అని వేశాడు. నాకు చెప్పలేదు. సీటు వచ్చింది. చేరే రోజు కాగితాలు సరిచూసి వెనక్కి పంపేశారు. వాళ్ల నాన్న ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని మా ముందుగదిలో రెండు గంటలు కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆ గడిని నేను దగ్గరుండి చూడనిదే ఎవరి దరఖాస్తూ పంపనివ్వను.

“కాగితం లేనిది వేయకూడదు,” అన్నాను. “సున్నా వెయ్యి.”

రవళి నా వైపు చూసింది. అది ఎదురు చెప్పే చూపు కాదు. లెక్కలో నేనేదైనా మెట్టు వదిలేస్తే పిల్లలు అలా చూస్తారు. ఆ రోజు నేను దాన్ని పట్టించుకోలేదు. ఆమె గడిలో సున్నా కొట్టింది. పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు దరఖాస్తు వెళ్లిపోయింది.

సాయవ్వ తన కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టుకుంది. “ఊకెనే బస్సు కిరాయి దండుగ,” అని నవ్వుతూనే అంది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, “పిల్ల పొద్దంత ఎండల నిలవడ్డది పంతులమ్మా. గది సున్నా అంటె నాకు మనసునవడతలేదు,” అంది.

పరీక్ష నవంబరు చివరి ఆదివారం. వానాకాలం కాంటా ముమ్మరంగా నడిచే రోజులు. ఈ ఒక్క పంటకు నేను చూసుకుంటానని గంగామణి కూతుర్ని పనికి రానివ్వలేదు. ట్యాబు కోసం పక్క ఊరి నుంచి ఒకమ్మాయిని పిలిపించుకుంది. మూడు లారీలు తప్పు మిల్లుకు పోయి తిరిగొచ్చాయని తర్వాత తెలిసింది. ఆ సంగతి పరీక్ష అయ్యేదాకా కూతురికి చెప్పలేదు.

డిసెంబరు ఆఖర్లో స్కోరు వచ్చింది. 91.62 పర్సంటైల్. ఇంగ్లీషు భాగంలో హద్దు దాటింది, ఆరు పర్సంటైల్ పైన. ఆ ఏడాది నా పిల్లల్లో అదే పెద్ద స్కోరు. దక్షిణాదిలోని ఒక మంచి సంస్థ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పేరు రాయను. రవళి రిజర్వేషన్ కేటగిరీలో ఆ స్కోరుకు వచ్చిన ఒకే ఒక్క పిలుపు అది.

2024 ఫిబ్రవరి 24, శనివారం, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. తిరుగు ప్రయాణంలో తల్లీ కూతుళ్లు కామారెడ్డిలో దిగి నేరుగా మా ఇంటికొచ్చారు. సాయంత్రం ఆరూ యాభై. రవళి ముఖం వెలుగుతోంది. చాయ్ తాగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

“ముగ్గురు ఉన్నరు మేడం. ఒక మేడం, ఇద్దరు సార్లు. మూడేండ్లు గ్యాప్ ఉంది, ఏం చేసినవని ఫస్టు అదే అడిగిండ్రు. నేను కాంటా గురించి చెప్పిన. ఇగ మొత్తం దాని మీదనే! వాన పడితే ఏం చేస్తవని ఒక సారు అడిగిండు. ముందు పరదాలు కప్పుడు కాదు సార్, ముందు ఎవరి కుప్ప పల్లంల ఉందో చూస్త, అక్కడికే హమాలీలను పంపుత, పరదాలు రైతులే కప్పుకుంటరని చెప్పిన. తేమ ఎక్కువుందంటే రైతు కొట్లాడితే ఏం చేస్తవన్నడు. మీటరు అతని చేతికే ఇస్త సార్, అతన్నే చూడమంట, చూసినంక కొట్లాడడు అన్న. ఆ మేడం నవ్వింది.”

“ఇంగ్లీషులోనేనా?”

“వచ్చినంత. పల్లం అనేది రాలే. చెయ్యితోని చూపెట్టిన.”

కూతురు ఆ చెయ్యి ఎలా పెట్టిందో గంగామణి తానూ పెట్టి చూపించింది. లోపల చూసినట్టే.

“ఆఖరికి ఆ మేడం అడిగింది. ఇంత పని చేసినవు కదా, ఫారంల ఎందుకు లేదు అని. పేరు అమ్మది మేడం అని చెప్పిన. మరి కాగితాల మీద సంతకం ఎవరిది అన్నది. నాదే అన్న. ముగ్గురు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. అట్లాంటి సంతకం చేసిన కాగితాలు, సమాఖ్య లెటరు పెడితే సరిపోతుండె, ఇప్పుడు ఫారం మార్చలేం అన్నది. కని మంచిగ మాట్లాడినవు అన్నది మేడం!”

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

“ఏ సంతకం రవళీ?”

“ట్రక్ షీట్ల మీద మేడం.”

ఒక్కో లారీతో ఒక కాగితం వెళ్తుంది. ఎన్ని బస్తాలు, ఏ రైతులవి, ఏ మిల్లుకు అనేది దాని మీద ఉంటుంది. దాన్నే ట్రక్ షీట్ అంటారు. మిల్లులో బస్తా తగ్గితే ఫోన్ చేసి అడగడానికి, తూకం చూసి ఎక్కించిన మనిషే అడుగున సంతకం చేసి ఫోన్ నంబరు వేయాలి. పైన అచ్చులో కమిటీ సభ్యురాలి పేరు గంగామణి. అడుగున సంతకం రవళిది.

“సెప్టెంబరులో చెప్పలేదేం?”

“మీరు నియామక పత్రం అడిగిండ్రు మేడం. జీతం కాగితం అడిగిండ్రు. ఇది అడగలే. ఇది రోజూ చేసేదే కదా అని నాక్కూడా యాదికి రాలే.”

ఆ అమ్మాయి మాటలో నిష్ఠూరం లేదు. ఇంటర్వ్యూ బాగా అయిన సంతోషంలోనే ఉంది. నేనూ ఆ సంతోషాన్ని పాడుచేయలేదు. స్కోరే గట్టెక్కిస్తుందని నాకు నేను చెప్పుకున్నాను.

మే నెలలో రవళి పేరు వెయిటింగ్ లిస్టులో పద్నాలుగో స్థానంలో వచ్చింది. సీటు వచ్చినవాళ్లు కొందరు వేరేచోట చేరితే వెనకవాళ్లు ముందుకు జరిగే జాబితా అది. మొదట ఏడో పేరు దాకా సీట్లు అందాయి. తర్వాత తొమ్మిదో పేరుకు వచ్చింది. గంగామణి రోజూ పొద్దున ఫోన్ చేసి, “ఎంతకొచ్చింది మేడం?” అనేది. నేను అంకె చెబితే, “అయితదిలె,” అని పెట్టేసేది. జూన్ 5, బుధవారం, పదకొండు దగ్గర జాబితా మూసేశారు.

ఆ సంస్థ తన లెక్కను దాచదు. రవళి కేటగిరీలో చివరి సీటు పొందిన వారికి పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ కలిపి మొత్తం 61.37. రవళిది 60.51. తేడా 0.86. పనికి ఇచ్చే మార్కులు ఐదు. పన్నెండు నెలల వరకు సున్నా, ముప్పై ఆరు నెలలకు ఐదు, మధ్యలో నెలల లెక్కన. పదిహేడు నెలలంటే పన్నెండు పైన ఐదు. ఐదును ఇరవై నాలుగుతో భాగించి ఐదుతో గుణిస్తే 1.04. కలిపితే 61.55. చివరి సీటు కంటే 0.18 ఎక్కువ.

ఆ లెక్క నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే వచ్చింది.

జూన్ 9, ఆదివారం, క్లాసు మానేసి నేనే ఎల్లారెడ్డి బస్సెక్కాను. యాసంగి కాంటా చివరి రోజులు. కల్లంలో రెండు కుప్పలే మిగిలాయి. వడ్లు తూర్పారబట్టే యంత్రం పక్కన హమాలీలు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. రవళి ట్యాబు పట్టుకుని ఒక లారీ డ్రైవరుతో వాదిస్తోంది. నన్ను చూసి, “అయ్యో మేడం, ఎండల ఎందుకొచ్చిండ్రు!” అని పరుగెత్తుకొచ్చింది.

“ట్రక్ షీట్లు ఎక్కడున్నయ్?”

సంఘం భవనంలో ఒక రేకు పెట్టె తెరిచింది. ఒక్కో పంటకు ఒక కట్ట, సుతిలి తాడుతో కట్టి, పైన అట్టముక్క మీద తేదీలు రాసి ఉన్నాయి. అట్టముక్క మీద అక్షరాలూ ఆమెవే. నేను నేల మీద కూర్చుని, దరఖాస్తు నాటికి డిగ్రీ తర్వాత నడిచిన ఆరు పంటల కట్టలూ విప్పి లెక్కపెట్టాను. 347 కాగితాలు. 347 సంతకాలు. మొదటి రోజుల్లో పేరంతా విడమరిచి రాసింది. పోను పోను చెయ్యి తిరిగి రెండు గీతలయింది. తేదీ లేని కాగితం ఒక్కటీ లేదు. నేను ముప్పై ఒక్క ఏళ్లలో చూసిన ఏ హాజరు పట్టీ ఇంత శుభ్రంగా లేదు.

సాయవ్వ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

“ఏం పంతులమ్మా, లెక్క కుదిరిందా?”

“కుదిరింది. పదిహేడు నెలలు. నువ్వు సరైన అంకె వేసి లేఖ రాసి ఉంటే, ఈ కట్టలు పెడితే సరిపోయేది.”

“నువ్వు సరైన అంకె చెప్పి రాయమంటె రాయకపోదునా?”

నేను చేతిలోని కాగితాలు సర్దాను. సాయవ్వ ఆగలేదు.

“నేను అరవై రాసిన. అబద్ధమే. నువ్వు సున్నా రాయించినవు. మన ఇద్దరిల ఎవరిది పెద్ద అబద్ధం? లెక్కలు నీకే వస్తయ్, నువ్వే చెప్పు.”

గంగామణి ఆమె భుజం పట్టుకుని, “ఊకో సాయవ్వా, ఆమె మన పిల్ల కోసమే కదా,” అంది. నాకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. రవళి విప్పిన కట్టల్ని తేదీల ప్రకారం మళ్లీ పేర్చి తాడు కడుతోంది.

సాయవ్వ అడిగిన దానికి లెక్క ఉంది. పదిహేడు నుంచి అరవైకి దూరం నలభై మూడు. పదిహేడు నుంచి సున్నాకు పదిహేడే. అంకెల్లో ఆమె అబద్ధమే పెద్దది. కానీ ఆమెది ఎవరి చేతుల్లోంచీ ఏమీ తీసుకోలేదు.

“నా తప్పు రవళీ,” అన్నాను.

“అట్లనకుండ్రి మేడం. ఇంకోసారి రాస్త.”

రాసింది. 2024లో, ఈసారి పదిహేడు నెలలకు ఆ ఏడాది యాసంగి రోజులు కూడా కలిపి, సమాఖ్య లేఖతో, కట్టల జిరాక్సులతో. కానీ రెండోసారి వానాకాలం కాంటా వదలలేకపోయింది. ముందటేడు తప్పు మిల్లుకు పోయిన మూడు లారీల సంగతి ఊళ్లో ఇంకా ఎవరూ మరవలేదు. పరీక్షకు ముందు రోజు కూడా లారీలు ఎక్కించి వచ్చింది. ఇంగ్లీషు భాగంలో సెక్షనల్ కటాఫ్‌కు మూడు పర్సంటైల్ కింద ఆగింది. ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. ఇంక రాయనంది. నేను బలవంతం చేయలేదు. చేసే హక్కు నాకు లేదనిపించింది.

ఇప్పుడు కామారెడ్డిలో ఒక విత్తనాల కంపెనీలో సరుకు రవాణా చూస్తోంది. చేరిన రోజు ఒక ఫోటో పంపింది. నియామక పత్రం. దాని మీద తన పేరు. కింద రెండు గీతల సంతకం. ‘మేడం, ఇది దాచిపెట్టుకుంట,’ అని రాసింది. ఆదివారాలు అప్పుడప్పుడు వచ్చి కొత్త పిల్లలకు డేటా లెక్కలు చెప్పిపోతుంది. నాలుగు మిల్లులు, తొమ్మిది లారీల లెక్క వస్తే మాత్రం నన్ను పక్కకు జరిపి తనే బోర్డు దగ్గర నిలబడుతుంది.

నా అలవాట్లలో రెండు మారాయి. వచ్చిన పిల్లల్ని ‘ఏం పని చేస్తున్నవు’ అని అడగడం మానేశాను. ‘పొద్దున లేచి ఎక్కడికి పోతవు, ఎప్పుడు వస్తవు, మధ్యల దేని మీద సంతకం పెడతవు’ అని అడుగుతాను. ‘ఖాళీగనే ఉన్న’ అన్నవాళ్లలో ఇప్పటిదాకా ఒక్కరూ ఖాళీగా లేరు. ఒకతను తండ్రి పేరున ఉన్న పాల కేంద్రం నడుపుతున్నాడు. ఒకమ్మాయి దుబాయిలో ఉన్న మామ పేరున కిరాణా కొట్టు. రెండో మార్పు, అనుమానం వచ్చిన అంకె దగ్గర సున్నా వేసి చేతులు దులుపుకోవడం మానేశాను. సున్నా వేస్తే తప్పు జరగదని ఇన్నేళ్లూ అనుకున్నాను. సున్నాకూ రుజువు కావాలి. ఆ రోజు నేను దాన్ని అడగలేదు.

నూట పద్దెనిమిదో పేజీలో ‘ఖాళీ’ని కొట్టేయలేదు. కింద తేదీ వేసి అసలు లెక్క రాశాను. అది ఇది.

రవళి వచ్చిన ఆదివారాలు, 34.
కాంటాలో పనిచేసిన రోజులు, 512. చేసిన సంతకాలు, 347. ఫారంలో ఎక్కినవి, 0.
రావాల్సి ఉండి రాని మార్కు, 1.04. తక్కువైంది, 0.86.
చెల్లకుండా పోయిన స్కోరు ఒకటి, 91.62.
పోయిన సీటు ఒకటి.